మాటల్లేని ఫ్రెంచి పాట

మా లెక్కల సారు పోయారని మొన్న ఆదివారం నాయుడుపేట నుంచి ఆయన కూతురు ఫోను చేసింది. "అస్థికలు మీ సముద్రంలోనే కలపమన్నాడక్కా" అని ఏడ్చింది. నాకు నోట మాట రాలేదు. అది నాకు కొత్తేమీ కాదులెండి, పుట్టు నత్తిదాన్ని.

చేపలు పట్టుకునే మా పల్లెకు ఆయన లెక్కలు చెప్పడానికే వచ్చారు గానీ, ప్రాణమంతా సంగీతం మీదే. ఉప్పుగాలి తగలకుండా టేప్‌రికార్డరుకు తువ్వాలు చుట్టి బడికి తెచ్చేవారు. క్యాసెట్టు ఇరుక్కుంటే పెన్సిలుతో తిప్పుతూ "ఓపిక, ఓపిక" అని తనకు తానే చెప్పుకునేవారు.

ఒక మంచు పొద్దున మాకొక పాట వినిపించారు. వందేళ్ల కిందట ఫ్రాన్సులో ఒకాయన కట్టిందట. బోలెడన్ని వాద్యాలు, వాటి వెనక గుంపుగా గొంతులు. తెల్లవారడాన్ని వినిపిస్తున్నారట, మాట మాత్రం ఒక్కటీ లేదు. వట్టి ఆ... ఊ... అంతే.

"మాటలేవి సార్?" అన్నారు పిల్లలు.

"గొంతులున్నాయి గదరా, చాలవా?"

అంతలో మా అవ్వ చీర ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చింది. మంచుకు ఒడ్డు కనబడకపోతే ఆడవాళ్లందరూ వరసగా నిలబడి ఊ... అని పడవల్ని పిలవడం మా ఊరి అలవాటు. ఇదీ అదేననుకుంది పాపం.

"ఎవురి పడవ మే, ఇంకా రాలేదు?" అంది వగరుస్తూ.

క్లాసంతా ఘొల్లుమంది. సారు మాత్రం నవ్వలేదు. అవ్వను బెంచీ మీద కూర్చోబెట్టి టేపు మళ్లీ మొదటినుంచి వేశారు. ఆమె చివరిదాకా వింది.

"బాగానే పిలస్తా ఉండారు. ఇంతకీ వాళ్లోళ్లు వచ్చినారా అయ్యోరా?"

"వచ్చేసినారవ్వా. అందురూ వచ్చేసినారు."

తర్వాత నావైపు తిరిగారు. "నీ తగువు మాటలతోనే గదమ్మా. ఇందులో అవి లేవు. పాడు."

అప్పటికి మా నాన్న నన్ను బడి మాన్పించాలని చూస్తున్నాడు. నోరు తిరగనిదానికి చదువెందుకని ఆయన వాదన. ఆ పొద్దున నేను పాడాను. ఒక్కచోటా తడబడలేదు! మర్నాటి నుంచి సారు "ముందు ఊ అను, ఆ ఊపులోనే ఎక్కం అందుకో" అనేవారు. ఆ ఊపులోనే పదో తరగతి గట్టెక్కాను.

ఇవాళ మా రేవులో ధరలు పిలుస్తూ చేపల వేలం పాట పాడేది నేనే. అదంటే సారుకు ఎంత ముచ్చటో! ఒకసారి చూడ్డానికొచ్చి, నా పాటకు తాళమేస్తూ తలాడించారు. వేలంలో తలాడిస్తే కొన్నట్టే లెక్క. రొయ్యల గంప కాస్తా ఆయన పేరనే ఖాయమైంది. ముక్క ముట్టని మనిషి!

"పాట బాగుంటే తల ఊరికే ఉంటుందా మే?" అని బిక్కమొహం వేశారు. ఆ గంపను వదిలించడానికి మళ్లీ నేనే పాడాల్సొచ్చింది. ఈ గొంతు ఆయన పెట్టిన భిక్ష.

నిన్న అస్థికలతో ఆ అమ్మాయిని మా తమ్ముడు పడవలో తీసుకెళ్లాడు. వాళ్లు తిరిగొచ్చే వేళకు మంచు కమ్మేసింది. ఆడవాళ్లం ఒడ్డున నిలబడ్డాం. నేను ఆ ఫ్రెంచి పాట ఎత్తుకున్నాను, అందరూ కలిశారు. పడవ ఇసుకకు తగిలింది. ఆ అమ్మాయి ఖాళీ కుండతో దిగింది.

"వచ్చేసినాం గదక్కా" అంది.

మేము సముద్రం వైపు చూస్తూ ఇంకా పిలుస్తూనే ఉన్నాం.