ఆడవాళ్ల వైపు పదకొండు

సూర్యాపేటలో ఒక పాత బియ్యం మిల్లును మ్యూజియంగా మార్చి, మన వినోదాల మీద కళా ప్రదర్శన పెట్టారు. అందులో నిలబెట్టిన టూరింగ్ టాకీసు డేరాలోకి మొన్న అడుగు పెట్టగానే, తడిసి ఆరిన గుడారం గుడ్డ వాసన తగిలి నాకు పదేళ్ల వయసు తిరిగొచ్చింది.

మా నాయన డేరా వేసే మనిషి. వానలు వెనకపట్టగానే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మైదానాల్లో వంతుల ప్రకారం టాకీసు లేచేది. నీళ్లు చల్లిన నేల తడి, పల్లీల పొట్టు, బీడీల పొగ, బతుకమ్మ నాళ్లలో ఆడవాళ్లు కొంగున కట్టుకొచ్చే మలీద ముద్దల బెల్లం వాసన, అన్నీ ఆ గుడ్డ కింద కలిసిపోయి తెల్లారినా వదిలేవి కావు. మధ్యన కట్టిన తాడుకు ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు. డేరా వెడల్పు ఇరవై అంగలు. అంగకొక ముడి వేసిన తాడుతో నాయన కొలిచేవాడు.

ఒకసారి మిర్యాలగూడలో ఆయనకు జ్వరమొచ్చి కొలత తాడు నా చేతికిచ్చాడు. ఇరవైలో సగం పది కదా అని, తెర ముందు డేరాను మోసే నడిగుంజను నేను సరిగ్గా నడుమ పాతించి, ఆ అందం చూసి మురిసిపోయాను. మొదటి ఆటకు తెర వెలిగిందో లేదో, ఆడవాళ్ల వైపు నుంచి కేకలు.

“ఓ డేరాయనా! మేం బొమ్మ సూడనీకి వచ్చినమా, నీ గుంజను సూడనీకి వచ్చినమా?”

నాయన దుప్పటి కప్పుకునే లేచొచ్చి, ఆట ఆపించి, గుంజ పీకించాడు.

“మగోళ్లకేంది, లేస్తరు, జరుగుతరు. పిల్లల్ని ఒళ్లె ఏసుకున్నోళ్లు ఎట్ల జరుగుతరే బిడ్డా? అటు తొమ్మిది, ఆడోళ్ల దిక్కు పదకొండు. యాదుంచుకో.”

బడి ఏడో తరగతితో ఆగింది గానీ, ఆ లెక్కతో మొదలై ఇప్పుడు ఇండ్ల పునాదులకు కొలిచి ముగ్గు పోసేదాకా వచ్చాను. మ్యూజియం వాళ్లు నన్ను పిలిచిందీ అందుకే. మొన్న డేరాలో నాయన తాడు పరిచాను. పది, పది. నా పాత తప్పే! తెల్లారితే ప్రారంభం. గోడ మీది డేరా నక్షాలోనూ అదే కొలత ఉంది. అదే నిలిస్తే రేపు చూసేవాళ్లకు డేరా అంటే నా తప్పే, నాయన లెక్క కాదు.

“పాత ఫోటోలో గుంజ మధ్యలోనే ఉంది కదా ఆంటీ,” అంది హైదరాబాద్ నుంచి వచ్చిన ఆర్కిటెక్టు పిల్ల.

“ఫోటో తీసినాయన మగోళ్ల దిక్కు నిలబడి తీసిండు బిడ్డా, ఆడికెల్లి నడుమున్నట్టే కనపడ్తది. నువ్వు గీడ కూసో.”

ఆడవాళ్ల వైపు నేల మీద కూర్చుంది. మెడ ఇటు వంచింది, అటు వంచింది.

“అయ్యో, సగం తెర పోయింది!”

సాయంత్రానికి గుంజ జరిగింది. నక్షాలో పదులు కొట్టేసి, తొమ్మిది, పదకొండు అని ఆ పిల్లే తన చేత్తో రాసింది.

నిన్న చివ్వెంల నుంచి ఆటోలో దిగిన ఆడవాళ్లు, ఎవరూ చెప్పకుండానే, వెళ్లి అదే పక్కన బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. మిర్యాలగూడ మైదానంలో ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉంది. డేరాలు లేవు, మలీద మూటలు లేవు, నాయన లేడు. వాళ్ల వెనక కూర్చుని చూశాను. తెర ఈ కొస నుంచి ఆ కొస దాకా, పూర్తిగా కనిపించింది.