చెప్పులు బయటే విడవాలి

సాలూరులో లారీ డ్రైవర్లంతా నడుం నొప్పికి వెళ్లే ఆ డాక్టరంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంట. రోగి కూర్చోకముందే ఆయన కలం మూత తీసేవాడు. లారీ తోలే మా బావ నోరు విప్పేలోపే "డ్రైవరే కదా, డిస్కు" అంటూ మందులు రాసేసేవాడు.

"బాబూ, సెప్పు కాల్నుంచి జారిపోతన్నా తెలీడం నేదు. సేతులు కూడా మొద్దుబారిపోతన్నాయి," అని బావ ఒకసారి మొత్తుకున్నాడు.

"లారీ మానెయ్, అదే తగ్గుతుంది," అన్నాడాయన తలెత్తకుండా.

ఆ గదిలోకి చెప్పులతో వెళ్లకూడదు. జారిపోకుండా బావ గుడ్డపేలికలతో కట్టుకునే చెప్పులు ఎప్పుడూ గుమ్మం బయటే ఉండిపోయేవి.

బావ స్టీరింగు పట్టలేని స్థితికొచ్చాక విశాఖ తీసుకెళ్లాను. అక్కడి నరాల డాక్టరమ్మ ముందుగా ఆ పేలికలనే చూసింది. చిన్న సుత్తితో మోకాళ్ల కింద కొడితే కాళ్లు కదల్లేదు. నరాలకు కరెంటు పెట్టి చూసే పరీక్ష కూడా చేయించి, నరాల పైపొర వాచి పాడైపోతోందని చెప్పింది. పోల్చుకోవడం కష్టమైన జబ్బేనంది. ముందే వచ్చుంటే కాళ్లూ చేతులూ ఇంత చచ్చుబడేవి కావని కూడా అంది.

కష్టమంటే ఒప్పుకుంటాను. చూడకపోవడాన్ని ఎలా ఒప్పుకోను?

రిపోర్టు పట్టుకుని నేరుగా సాలూరు డాక్టరు గదిలోకి వెళ్లి, బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. వంగి నా కాళ్లకేసి చూశాడు.

"చెప్పులు బయట విడిచి రావయ్యా," అన్నాడు.

ఆ గదిలో ఆయన ఒకరి కాళ్లు చూడటం నా ఎరుకలో అదే మొదటిసారి.