అయిదుగురు మల్లయ్యలు, ఒక జర్మన్ వంశం

మామ పోయాడన్న కబురు వాట్సాప్‌లో వచ్చింది. మేం వెంటనే నమ్మలేదు. సౌదీలో, హాయిల్‌లోని మా కూలీల క్యాంపులో ఏ వార్తనైనా ముందు అనుమానించడం, తర్వాత వినడం అలవాటు. ఊళ్లో ఇద్దరికి విడివిడిగా ఫోన్ చేసి, ఇద్దరి మాటా కలిశాకే ఏడవడానికి ఒప్పుకున్నాం. జగిత్యాల దగ్గర తన ఇంట్లో, పొద్దున చాయ్ తాగి, చదివిన పేపరు మడిచి పక్కన పెట్టి, అలాగే ఒరిగిపోయాడట. పాఠక మహాశయులారా, ఆ మహానుభావుణ్ని ఒకప్పుడు ద్రోహిగా తేల్చినవాణ్ని నేనే. కాబట్టి ఈ నాలుగు మాటలూ రాయాల్సింది కూడా నేనే.

మామ అంటే సొంత మామ కాదు. రూములో అందరికంటే పెద్దవాడు కనుక మామ. అందరికంటే చిన్నవాణ్ని కనుక నేను అల్లుణ్ని. ఆయన చేసేది ఎలక్ట్రీషియన్ పని, ఇకామా మీద, అంటే సౌదీలో ఉండనిచ్చే కార్డు మీద మాత్రం గొర్రెల కాపరి. నేను బీకాం చదివిన స్టోర్ క్లర్కును, ఇకామా మీద ప్లంబర్ని. నల్లా కారితే పక్క రూము వాళ్లను పిలిచే ప్లంబర్ని.

కార్డు మీద ఒకటి, చేసేది ఒకటి, ఇలాంటి ఉద్యోగం జర్మనీలో ఎప్పుడో ఉండేదని మామ అనేవాడు. సౌదీలోనే అభా కొండల్లో ఒక డ్యాం పని దగ్గర ఆయన చాలా ఏళ్లు ఓ ముసలి జర్మన్ ఇంజనీరుకు హెల్పరుగా చేశాడు. ఆ ఇంజనీరుది ఫ్రైబుర్గ్ అనే ఊరు. ఆ ఊరిని పెట్టిన జేరింగెన్ ప్రభువుల కథను అతను అరబ్బీ, హిందీ, చేతి సైగలు కలిపి చెప్పేవాడట. మామ దాన్ని మాకు ప్రతి శుక్రవారం కోడికూర ఉడికేలోపు చెప్పేవాడు. ఆ వంశానికి డ్యూక్ అనే బిరుదు దొరికింది గానీ రాజ్యం దొరకలేదు. మొదటివాడికి ఇచ్చిన రాజ్యం చేతికి చిక్కలేదు. రెండోవాడు ఇంకో రాజ్యం కోసం కొట్లాడి, రాజీపడి, బిరుదు ఒక్కటీ ఉంచుకొని, తన కోట పేరు దానికి తగిలించుకున్నాడు. "ఇకామా మీద డ్యూకు, చేసేది మేస్త్రి పని" అనేవాడు మామ, ఎందుకంటే ఆ తర్వాత వాళ్లు ఊళ్లు కట్టుకుంటూ, సంతలు పెట్టుకుంటూ బలిశారు. చివరివాడికి కొడుకులు దక్కలేదు. పుట్టినవాళ్లకు ఎవరో విషం పెట్టారని అక్కడ చెప్పుకుంటారట. ఆస్తి అక్కచెల్లెళ్ల ఇళ్లకు పోయింది, వంశం ఆరిపోయింది. అక్కడికి మామ లేచి కూరలో కొత్తిమీర వేసేవాడు.

ఏడో తరగతితో బడి మానేసిన మనిషికి జర్మన్ ప్రభువులతో ఏం పని అని నాకు అనుమానం. నెట్‌లో వెతికాను. కథ నిజమే. నిజమని తేలాక అనుమానం ఇంకా పెరిగింది: పరాయి వంశం గురించే ఇంత గుర్తుంటే, మా గురించి ఎంత గుర్తుపెట్టుకొని ఉంటాడు?

అప్పుడే మా కంపెనీ నితాఖత్‌లో, అంటే సొంత దేశం వాళ్లకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే సర్కారు లెక్కలో, ఎరుపులో పడింది. సౌదీ వాళ్లు తక్కువ, మేం ఎక్కువ. ఇకామాల రెన్యువల్ ఆగిపోయింది. పైగా పరదేశి తలకింత అని లెవీ పన్ను. కొందరిని ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి పంపేస్తారని, ఆ పేర్లు క్యాంపులోంచే ఎవరో ఆఫీసుకు అందిస్తున్నారని మాట పుట్టింది. ఇక చూడాలి మా బతుకు. ఎవరైనా చాయ్ పోస్తే ఎందుకు పోశాడా అని, పోయకపోతే ఎందుకు పోయలేదా అని.

మామ దిండు కింద ఎర్ర అట్ట నోట్‌బుక్ ఒకటుండేది. ఆయన స్నానానికి పోయినప్పుడు తెరిచాను. గర్వపడాల్సిన పని కాదు, అప్పుడు మాత్రం పడ్డాను. గడ్డం మల్లయ్య, పొడుగు మల్లయ్య, డ్రైవర్ మల్లయ్య, కిచెన్ మల్లయ్య, షోకు మల్లయ్య. మా వైపు ఇంటికొక మల్లయ్య ఉంటాడు. క్యాంపులో అయిదుగురు కలిసేసరికి ఇలా ముందొక మాట తగిలించి పిలుచుకునేవాళ్లం. నోట్‌బుక్కులో అయిదు పేర్ల మీదా గీతలు. మధ్యలో 'అల్లుడు' అని నేను, నా మీదా గీత. డ్రైవర్ మల్లయ్య పక్కన 'పిల్లలు లేరు' అని రాసుంది. అతనికి ముగ్గురు పిల్లలు. చదువుకున్నవాడు అక్కడ ఆగి ఆలోచించాలి. నేను ఆలోచించాను కూడా: పిల్లలు లేరని ఆఫీసుకు అబద్ధం చెప్పి అతణ్ని ముందు పంపించే ఎత్తు అని తేల్చాను.

సాయంత్రానికి అయిదుగురు మల్లయ్యలకూ చెప్పేశాను. విచారణ లేకుండానే తీర్పు వచ్చింది: మామను మెస్సులోంచి తీసేయాలి. ఆ మాట చెప్పే పని కిచెన్ మల్లయ్య మీద పడింది.

"మామా, రేపటిసంది నీ వంట నువ్వే జేస్కో."

మామ ఎందుకని అడగలేదు. ఏ పొయ్యి వాడుకోవాలని మాత్రం అడిగాడు. ఆ శుక్రవారం నుంచి జర్మనీ కథ ఆగిపోయింది. ఆయన గోడ వైపు తిరిగి పప్పుచారు, లబన్ మజ్జిగ కలుపుకొని తినేవాడు. ఎవరితో ఫోన్ మాట్లాడుతున్నాడా అని మేం చెవులు రిక్కించేవాళ్లం. మాట్లాడేది భార్యతో, పొలంలో మోటారు గురించి.

చివరికి ఎగ్జిట్ లిస్టు వచ్చింది. వయసు దాటినవాళ్లను కంపెనీయే ఏరింది. మొదటి పేరు మామది. మల్లయ్యల్లో ఒక్కడూ లేడు, నేనూ లేను.

ఆయన అట్టపెట్టెకు తాడు కడుతుంటే వెళ్లి నిలబడ్డాను.

"మామా, నీ నోట్‌బుక్కుల మా పేర్లెందుకున్నయి?"

తల ఎత్తకుండానే చెప్పాడు. "ఆ జర్మనీ డ్యూకులల్ల అయిదుగురికి ఒక్కటే పేరు అల్లుడా. యాదికుండద్దా మరి? మనోళ్ల పేర్లు తగిలిచ్చిన. మొదటోనికి గడ్డముండె, గడ్డం మల్లయ్య అని రాసిన."

"నడుమ నేనెట్లొచ్చిన?"

"మూడోనికి, గదే డ్రైవర్ మల్లయ్యకు, పిల్లలు లేకపోతే తమ్ముడు గద్దెనెక్కిండు. ఆయన పేరొక్కటే వేరు. రూముల మల్లయ్య గానోనివి నువ్వొక్కనివే."

"గీతలు?"

"అందరు సచ్చి ఎన్ని వందల ఏండ్లాయె." ముడి బిగించి అప్పుడు నా వైపు చూశాడు. "అడిగితే జెప్పేటోన్ని గద."

దొంగచాటుగా నోట్‌బుక్ తెరిచినందుకు తప్పయిందని చెప్పలేదు. మల్లయ్యలకు చెప్పింది నేనేనని చెప్పలేదు. ముడి గట్టిగా వెయ్యి మామా, ఎయిర్‌పోర్టులో పెట్టెలు విసిరేస్తారు అన్నాను. బీకాం పట్టభద్రుడి నోట వచ్చిన క్షమాపణ అదే. ఆయన వెళ్లాక మల్లయ్యలకైనా నిజం చెప్పలేదు. రెండేళ్లపాటు ఆ క్యాంపులో మామ ద్రోహిగానే ఉండిపోయాడు.

కబురు వచ్చిన మూడోనాడు అయిదుగురినీ కూర్చోబెట్టి మొత్తం చెప్పాను.  గడ్డం మల్లయ్య, "అయితే మొదటోన్ని నేనేనా?" అన్నాడు. డ్రైవర్ మల్లయ్య నన్ను కొట్టడానికి లేచి, మళ్లీ కూర్చొని, ముఖం తువ్వాలుతో తుడుచుకున్నాడు. కిచెన్ మల్లయ్య వెళ్లి పప్పు నానబెట్టాడు.

మూడోనాడు పిట్టకు పెట్టడం మా వైపు ఆనవాయితీ. పోయినవాడికి ఇష్టమైనవి వండి పెడితే పిట్ట వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆయన మనసులో ఏదో మిగిలిందని అర్థం. క్యాంపు మిద్దె మీద, నీళ్ల ట్యాంకు పక్కన ఫాయిల్ కాగితం పరిచి అన్నం, పప్పుచారు, కాస్త లబన్ పెట్టాం. ఎండ మండుతోంది. చాలాసేపటికి ఒక పావురం దిగింది. ఫాయిల్ చుట్టూ రెండు సార్లు నడిచింది. అన్నం వైపు చూడలేదు, మెడ వంచి మా వైపే చూసింది.

"మనల్ని నమ్ముతలేదు" అన్నాడు పొడుగు మల్లయ్య మెల్లగా.

చెప్పులు చేతుల్లో పట్టుకొని ఒక్కొక్కరం వెనక్కి నడిచాం. మెట్ల గదిలోకి దూరి, తలుపు దగ్గరగా వేసి, ఆరుగురం ఒకరి భుజం మీదుగా ఒకరం ఆ సందులోంచి చూస్తూ, ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.