కొక్కెం అయ్యోరి ప్రయాణం

ఆ రోజుల్లో ఇంగ్లీషు చెవిలోంచి వచ్చేది కాదు, వీపు మీదుగా వచ్చేది. తిరుపతిలో మా హైస్కూలు ఇంగ్లీషు అయ్యవారిని మేం కొక్కెం అయ్యోరు అనేవాళ్లం (ఆయనకు వినపడనంత దూరంలో). ప్రశ్నార్థకం ఆయన ప్రాణం. "కొక్కెం లేని ప్రశ్న కొండి లేని తేలురా" అనేవారు. రాతలోనే కాదు, నోటితో అడిగినా చూపుడువేలితో గాలిలో కొక్కెం గీసి, కింద చుక్క పొడవాలి. పైగా రోజూ బడి బయట ఎవరినైనా ఒక ఇంగ్లీషు ప్రశ్న అడిగి, ఇంగ్లీషులోనే జవాబు రాబట్టాలి. లేకుంటే బెంచీ ఎక్కాలి. మా ఇంట్లో నాయనకు ఇంగ్లీషు రాదు, పాలిచ్చే ఎనుముకు అసలే రాదు. అందుచేత వారమంతా నా నివాసం బెంచీ మీదే. "ఇంకొక్క రోజు ఎక్కితే మీ నాయనను పిలిపిస్తా" అన్నారు. నాయన వస్తే నన్ను బడి మాన్పించి శెనక్కాయల చేనికి తోలుకుపోవడం ఖాయం.

మర్నాడు సెలవు. అయ్యవారు మా వీధే. కోటు, తలపాగా, గొడుగుతో గడప దిగినారు. హెడ్మాస్టరు ఉద్యోగానికి చిత్తూరులో పెద్దలను చూడబోతున్నారని వీధంతటికీ తెలుసు. ఇంతకన్నా ఇంగ్లీషు వచ్చిన మనిషి నాకెక్కడ దొరుకుతాడు? ఎదురుగా దూకి, "వేర్ ఆర్ యూ గోయింగ్, సార్?" అని కొక్కెం గీసి, ఆయన కోటు గుండీకి బెత్తెడు దూరంలో చుక్క పొడిచినాను. బయల్దేరిన మనిషిని యాడికని అడిగితే పోయే పని చెడుతుందని నాకూ తెలుసు. తెలుగులో అడిగితేనే ఆ దోషం, దొరల భాషకు అంటదనుకున్నాను.

"బుద్ధుండాదా నీకు, శనిగ్రహమా!" అన్నారు అయ్యవారు (స్వచ్ఛమైన తెలుగులో; కాబట్టి జవాబు లెక్కకు రాలేదు). వెనక్కి పోయి, కూర్చుని, చెంబుడు నీళ్లు తాగినారు. "ఎంత దూరమని అడిగుంటే నీ నోరు అరిగిపోతాదా అబ్బయా?" అని ఆయన భార్య నన్ను కడిగేసింది. ఈలోగా, ఆయన ఎక్కాల్సిన, బొగ్గు మంటతో నడుస్తూ ఏనాడూ వేళకు కదలని బొగ్గుబస్సు ఆ ఒక్కరోజు వేళకు కదిలిపోయింది. ఆయన రైలుకు పరుగెత్తినారు.

సోమవారం నేను బెంచీ మీద. "ప్రశ్నలో తప్పేమన్నా ఉండాదా, సార్?" అన్నాను. "ప్రశ్నలో ల్యా. అడిగిన నోట్లో ఉండాది. పోయి మీ నాయనను పిల్సుకురా!"

నాయన వచ్చేనాటికి అసలు కబురు కూడా వచ్చింది. ఆ బస్సు చంద్రగిరి దాటి మొరాయిస్తే జనం సాయంత్రం దాకా తోసినారట. రైల్లో పోయినందుకే అయ్యవారు వేళకు చేరి ఉద్యోగం కొట్టినారు. దానికి ఆయన చెప్పిన కారణం: "నీళ్లు తాగి కూసుని పోయినా గదా, దోషం పోయినాది." చెంబుకు కీర్తి, నాకు బెంచీ! నాయన అంతా విని, తలగుడ్డ తీసి, మెల్లగా అన్నాడు: "మావోడు అడక్కుంటే తమరు ఆ బస్సే ఎక్కిందురు గదా సామీ?" అయ్యవారి వేలు అలవాటుగా గాలిలోకి లేచి, ఆ ప్రశ్నకు కొక్కెం గీసి, చుక్క దగ్గర ఆగిపోయింది. నన్ను బెంచీ దిగమన్నారు. క్షమాపణ మాత్రం ఏ భాషలోనూ రాలేదు. ఇన్నేళ్లయినా నాకది మింగుడుపడలేదు.

ఇప్పుడు నేను బయల్దేరితే యాడికని అడిగేవాళ్లు ఇంట్లో లేరు. ఎవరి పనులు వాళ్లవి. పని చెడే భయం బొత్తిగా లేదు. అయినా గడప దగ్గర చెప్పులు తొడుక్కోవడానికి నాకెందుకో కాస్త ఎక్కువసేపే పడుతుంది.