ముట్టడికి అర్థం చెప్పిన ఓబులపతి

మొన్న ఉదయం ప్రార్థన ముగిసి పిల్లలు తరగతులకు వెళ్తుండగా అటెండరు నా దగ్గరకు వచ్చి, “సార్, ఓబులపతి సారు పోయినాడంట. తెల్లారుజామున గుండెనొప్పి వచ్చినాదంట” అన్నాడు. చేతిలోని సుద్దముక్క జారిపడిందని రాస్తే సంస్మరణకు శోభగా ఉండేది. పడలేదు. కాసేపటికే ఊరు ఊరంతా అతని ఇంటివైపు కదలడం చూసి, మనసులో పాత మంట మళ్లీ రగిలింది.

పామిడి హైస్కూలులో మేమిద్దరం ఇంగ్లీషు ఉపాధ్యాయులం. అతనిది ‘ఎ’ సెక్షను, నాది ‘బి’. నా ఉచ్చారణే మేలని తనిఖీకి వచ్చిన అధికారులు సైతం ప్రశంసించారు. అయినా పిల్లలు కాళ్లకు మొక్కింది అతనికే. అసూయపడ్డానా అంటే, పడ్డాను. ఇప్పటికీ పడుతూనే ఉన్నాను.

అతని బోధనా పద్ధతి విలక్షణం. వారానికొక ఇంగ్లీషు మాట ఇచ్చేవాడు. ఆ మాటకు తగిన మనిషిని పిల్లలు తమ ఊళ్లలో వెతికి చెప్పాలి. తగునో తగదో తరగతంతా వాదించి తేల్చాలి. “మాటంటే చొక్కాయి మాదిరి అప్పా, కొలత చూసి తొడగాల” అనేవాడు.

తండ్రి తరగతిలో కూతురు ఉండరాదని మా వాణిని నేనే అతని సెక్షనులో వేయించాను. అదే నా కొంప ముంచింది. అన్నం దగ్గర కూర్చుంటే చాలు, సారు ఇట్లన్నాడు, సారు అట్లన్నాడు.

వానలు మొహం చాటేసి వేరుశనగ ఎండిపోయిన రోజులవి. పాఠంలో ‘బిలీగర్డ్’ అనే విశేషణం వచ్చింది. నేను ‘నిరంతరం కష్టాలపాలైన’ అని బోర్డు మీద రాసి ముందుకు సాగాను. ఓబులపతి మాత్రం పిల్లలను గుత్తి కోట ముట్టడిలో ఉందని ఊహించుకోమన్నాడట.

“కోట చుట్టూ సైన్యం దిగి, నీళ్లు, గింజలు లోపలికి పోనీకుండా కూసుండాది. లోపలోళ్లకు ఈ మాట వాడాల. కష్టం వచ్చి పోతే వాడగూడదు, చుట్టుకోని ఇడ్సిపెట్టకుండా ఉంటేనే.”

ఒకడు లేచి, పేపరులో ఒక మంత్రికి ఈ మాట వాడారని చెప్పాడట. “మంత్రికేం కష్టం సార్?” అని తరగతంతా నవ్వింది. అప్పుడొక అమ్మాయి నిలబడింది.

“మా నాయన ఉండాడు సార్. బోరు ఏస్తే నీళ్లు పడలే. శెనక్కాయ ఎండిపాయ. ఉన్న ఎద్దు జబ్బుతో పడుకునింది.”

“ఇప్పుడేం చేస్తాండాడు మీ నాయన?”

“వాన పడితే ఏద్దామని ఇత్తనాలు ఎండబెడతాండాడు సార్.”

“అయితే ఆయనకే తగుతాది. కోట ఇంకా పడిపోలే గదా! ఓడిపోయినోనికి ఈ మాట వాడరు. నిలబడినోనికే వాడతారు.”

ఆ అమ్మాయి తలెత్తి కూర్చుందని చెబుతుంటే వాణి కళ్లు మెరిశాయి. నేను ఊరుకోలేక, “ఆ అర్థం నేనూ చెప్పినాను లేమ్మా” అన్నాను.

“నువ్వు అర్థం చెప్పినావు నాయనా. ఎవురికి వాడాల్నో సారు చెప్పినాడు” అంది. నేను చెయ్యి కడుక్కుని లేచిపోయాను.

నిన్న అంత్యక్రియలకు అనంతపురం కాలేజీ నుంచి వాణి వచ్చింది. అతని పాదాల దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. రేపు నేను పోతే ఇది ఇంతగా ఏడుస్తుందా అనిపించింది నాకు. చావులోనూ నాకన్నా అతనే ముందు.

తిరిగి వస్తూ, “నాయనా, సారు గురించి నువ్వే రాయాల. ఆయప్పను నీ అంత దగ్గరగా చూసినోళ్లు ఎవురుండారు?” అంది. నిజమే. ప్రేమించినవాళ్లు అతన్ని తరగతిలోనే చూశారు. నేను అతని మీదనుంచి చూపు తిప్పుకున్నదే లేదు.

అతని తరగతిని రేపటినుంచి నాకు అప్పగించారు. ఆ కుర్చీలో కూర్చోగలనేమో గానీ, ఆ లోటు నావల్ల తీరేది కాదు. మిత్రమా ఓబులపతీ, నీ విద్వత్తుకు, నీ సహృదయతకు నా నమోవాకాలు. అన్నీ క్షమిస్తాను. నా బిడ్డ నీకోసం కార్చిన కన్నీళ్లను మాత్రం క్షమించలేను.