గ్రే స్ట్రీట్‌లో నేను మూసిన దారి

మా ఇంటర్నెట్ కంపెనీ డర్బన్ గ్రే స్ట్రీట్‌లో ఒక చీరల కొట్టు పైన ఉండేది. పోటీ కంపెనీ సరిగ్గా ఎదురుగా, మసాలా కొట్టు పైన. మధ్యలో మినీబస్ టాక్సీలు హారన్లు కొట్టుకుంటూ పోయేవి. మా బాసు కిటికీలోంచి తల బయట పెడితే ఎదుటి బాసు బట్టతల కనిపించేది. అయినా ఇద్దరూ ఈమెయిళ్లలోనే తిట్టుకునేవాళ్లు. అమ్మేది అదే కదా, వాడకపోతే పరువు పోదూ.

దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ల పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి రోజులవి. మూసిన తలుపులన్నీ తెరుచుకుంటున్నాయని ఊరంతా ఒకటే సంబరం. హైదరాబాదు నుంచి వచ్చి ఏడాదైనా కాని నాకూ అది అంటుకుంది. నడవాల్సిన చోట గెంతేవాణ్ణి. అలాంటి రోజుల్లో ఒక బుధవారం మా బాసు వచ్చి, ఎదుటివాళ్ల దారి మూసేయమన్నాడు.

తగాదా ఏమిటంటే, విదేశాలకు పోయే మా లైను మీద వాళ్ల రద్దీ కూడా చెప్పాపెట్టకుండా నడుస్తోంది. అడిగితే, మీరే మా లైను వాడుకుంటున్నారని వాళ్లన్నారు. రెండూ నిజమే. నేను రౌటర్ ముందు కూర్చుని ఒక్క వరుస టైపు చేశాను. వాళ్ల అడ్రసులకు పోయేదేదైనా, చుట్టుదారిలో పోబోయినా సరే, గోతిలో పడాలి. ఎంటర్ కొట్టాను. దాచడమెందుకు, మహా సరదాగా అనిపించింది. ఒక్క వేలితో ఊళ్లో సగాన్ని ఆపేశానన్న గర్వంతో, ఆ మధ్యాహ్నం రొట్టె తొలిచి కూర నింపే బన్నీచావ్ రెండు లాగించాను.

ఆ తరవాత మా బాసు చేసిన పని ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటాను. క్షమాపణ చెబితే దారి తెరుస్తానని ఎదుటి బాసుకు ఈమెయిల్ పంపి, జవాబు కోసం కూర్చున్నాడు. గురువారం సాయంత్రానికి కూడా జవాబు లేదు.

“చూశావా వాడి పొగరు,” అన్నాడు నాతో.

ఆ ఉత్తరం మా సర్వర్ గడప దాటలేదని, దాని దారి కూడా తనే మూయించాడని చెప్పే ధైర్యం నాకు లేదు. కూర్చున్న కొమ్మను నరుక్కునే మనిషిని పక్కనే నిలబడి చూడటంలో ఉన్న సుఖం కూడా కొంత ఉంది.

శుక్రవారం పదిన్నరకు ఫోన్ మోగింది. ఊరి శివారు అవోకాలో నేను అద్దెకుండే ఇంటావిడ కూతురు. ఆ ఇంటావిడ విశాఖ వైపు నుంచి చెరకు తోటలకు వచ్చిన కూలీల మనవరాలు. కూతురేమో ప్రాస్పెక్టన్‌లోని కార్ల ఫ్యాక్టరీలో, కంప్యూటర్ విభాగంలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. అలాంటి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడమే ఆ వీధికి కొత్త. పరీక్ష ప్రశ్నలు ఆ ఉదయం ఈమెయిల్లో వస్తాయి, పన్నెండులోగా జవాబులు ఈమెయిల్లోనే పంపాలి.

“అన్నా, నా పేపర్ రాలే. నైనో క్లాక్ అన్నారు. నా ఫ్రెండ్‌కి వచ్చేసినాది,” అంది.

ఫ్యాక్టరీ ఎదుటివాళ్ల కస్టమరు, ఈ పిల్ల ఈమెయిలేమో మా కంపెనీది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఇద్దరు బాసుల కోపం వచ్చి ఈ పిల్ల నెత్తిన పడింది. బాసు దగ్గరికి పరిగెత్తి అడిగాను. వాడు క్షమాపణ చెప్పేదాకా ఒక్క అక్షరం కూడా దాటదన్నాడు.

ఆ రౌటర్‌లో ఏ మార్పు చేసినా దాన్ని విడిగా భద్రం చేయాలి. లేకపోతే యంత్రం ఆపి మళ్లీ వేసేసరికి పాత పద్ధతే వచ్చేస్తుంది. బుధవారంనాటి గర్వంలో నేను భద్రం చేయడం మరిచిపోయాను. నా మతిమరుపుకు మనసులోనే దండం పెట్టుకుని, యంత్రాల గదిలోకి వెళ్లి ప్లగ్గు పీకి, పది లెక్కపెట్టి మళ్లీ పెట్టాను. తరవాత ఎదుటి కంపెనీ ఇంజనీరుకు ఫోన్ చేశాను. అతను జులూ మనిషి, రోజూ నాతో కలిసి భోంచేసేవాడు.

“దారి తెరిచాను. ఆగిపోయిన మెయిళ్లన్నీ తొయ్యి.”

“హౌ,” అని ఆశ్చర్యపోయాడతను. “మా బాసు కూడా బుధవారం నుంచి మీ బాసు జవాబు కోసం కూర్చున్నాడు.” ఇద్దరం పగలబడి నవ్వాం.

తోశాడు. ప్రశ్నలు అవోకా చేరాయి. వాటితోపాటే రెండు తిట్ల ఉత్తరాలూ వీధి దాటాయి. రెండు కిటికీలు ఒకేసారి తెరుచుకున్నాయి. క్షణంలో ఇద్దరు బాసులూ మెట్లు దిగి నడివీధిలో నిలబడ్డారు. టాక్సీలు ఆగిపోయాయి. ఒక డ్రైవరైతే దిగివచ్చి, ముందు నువ్వు, తరవాత నువ్వు అని వంతులు పెట్టాడు. మా బాసు పైకొచ్చి మళ్లీ దారి మూయమనేలోగా ఆ పిల్ల జవాబులు దాటాలి, కాబట్టి వాళ్లు ఎంతసేపు అరుచుకుంటే నాకు అంత మంచిది. ఒక కన్ను వీధి మీద, ఒక కన్ను తెర మీద వేసి, ఇంకా తిట్టుకోండి స్వామీ అని మొక్కుకున్నాను. పన్నెండుకు పన్నెండు నిమిషాలుందనగా ఆమె జవాబులు మా సర్వర్ దాటాయి. గదిలో ఒక్కణ్ణే గెంతులేశాను. ఎదురుబొదురుగా తిట్టుకుంటే తొందరగా అలసట వస్తుందేమో, ఇద్దరు బాసులూ మసాలా కొట్టులో టీ తాగి రాజీ పడ్డారు.

ఉద్యోగం ఆమెకే వచ్చింది, ఆ కబురు నెల తరవాత తెలిసింది. కానీ ఆ శుక్రవారం సాయంత్రమే, భోజనాల దగ్గర, ఈ కథంతా అభినయంతో సహా తల్లీకూతుళ్లకు చెప్పాను. కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది. ఒక్క వరుస టైపు చేశానన్న చోట నవ్వు ఆపింది.

“మూసింది నువ్వేనా అన్నా?”

“బాసు చెప్పాడమ్మా. నేనేం చేయను?”

తల్లి చేతిలోని గరిటెను పప్పు గిన్నెలో పెట్టేసింది. వెనకటి తెల్లవాళ్ల పాలనలో ఇండియన్లు డర్బన్ ఉన్న ఈ నాటాల్ రాష్ట్రం దాటి జొహానెస్‌బర్గ్ లాంటి ఊళ్లకు పోవాలంటే పర్మిట్ ఉండాలి. ఆ సంగతి నాకు చూచాయగా తెలుసు.

“నా సెల్లి జొహానెస్‌బర్గ్‌లో సావుబతుకుల్లో ఉంటే మూడు దినాలు ఆ ఆఫీసు కిటికీ కాడ నిలబడినాను. అది పోయినాక ఇచ్చినారు కాయితం. ఆ గుమస్తా మంచోడే నాయినా. ఆడూ అదే సెప్పినాడు. బాసు సెప్పినాడు, నానేటి సేత్తాను అని.”

అని, నా పళ్లెంలో ఇంకో గరిటె పప్పు వేసింది. నేను తలవంచుకుని తిన్నాను.