ఖాళీ పిండి డబ్బాలు

మా సందులో ఒక పిండి మర ఉంది. దానికి ఎదురుగా నా కుట్టు మిషన్. మర పక్కనే గోడలో ఆకుపచ్చ రంగు వేసిన చిన్న తలుపు. అది మున్సిపాలిటీ ఆసుపత్రికి వెనక తలుపు. జ్వరాలకీ దెబ్బలకీ వెళ్ళే ఆసుపత్రి కాదది. తాగుడు మాన్పిస్తారు, మనసు బాగోలేని వాళ్ళకి మందిచ్చి మాట్లాడి పంపిస్తారు. అసలు పేరు ముందువైపు బోర్డు మీద రెండు వరుసల్లో రాసి ఉంది. అంత పొడుగు పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు. అందరూ వెనక తలుపు ఆసుపత్రి అనే అంటారు.

ఆ పేరు రావడానికి కారణం టోకెన్ అక్క. మనుషుల్ని కూర్చోబెట్టి, టోకెన్ ఇచ్చి, వంతు వచ్చినప్పుడు లోపలికి పంపడం ఆవిడ పని. అంతకు ముందు మున్సిపాలిటీలోనే నీటి పన్ను కిటికీ దగ్గర ఉండేది. ఈ ఆసుపత్రి కొత్తగా తెరిచినప్పుడు అక్కడికి వెయ్యబోయిన ప్రతివాళ్ళూ ఎవరో ఒకరితో చెప్పించుకుని తప్పించుకున్నారు. చెప్పించుకోవడానికి ఎవరూ లేనిది ఈవిడ ఒక్కతే. పిచ్చాసుపత్రికి వేశారని రెండు రోజులు ఏడ్చిందట. మూడో రోజు చీర కుచ్చిళ్ళు సర్దుకుని వచ్చి కుర్చీలు తుడిచింది. ఏడుపు ఏడుపే, పని పనే అనే మనిషి.

కుర్చీలు తుడిచిందే గానీ కూర్చునేవాళ్ళు రాలేదు. ఆసుపత్రి ముందు గేటు సరిగ్గా బస్‌స్టాపుకి ఎదురుగా ఉంది. ఆ స్థలం ఎంచుకున్న పెద్దమనిషెవరో గానీ, జనానికి రావడం సులువవుతుందని అనుకుని ఉంటాడు. సిగ్గు సంగతి ఆయనకి తట్టలేదు. వచ్చినవాళ్ళు గేటు దాకా వచ్చేవాళ్ళు, బస్‌స్టాపు వైపు ఒకసారి చూసేవాళ్ళు, రోడ్డు దాటి తమకి అక్కర్లేని బస్సేదో ఎక్కి వెళ్ళిపోయేవాళ్ళు. 'పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టండి' అని నవ్వే ఊళ్ళో, పిచ్చి కుదుర్చుకోవడానికి పదిమంది ఎదుట ఎవరొస్తారు?

అప్పటికి అక్క మొగుడు బాగా తాగేవాడు. ఆయన్ని నేను బావా అంటాను. లేత్ మిషన్ మీద పని. చెయ్యి తిరిగిన పనివాడే, కానీ ఆ రోజుల్లో ఆ చెయ్యి పొద్దున్నే వణికేది. అక్క ఒకసారి అప్పు చేసి మరీ పక్క నగరంలోని పెద్దాసుపత్రికి పంపింది. బస్సు దిగగానే ఎదురుగా కనిపించిన మొదటి బోర్డు మందు దుకాణానిదట. ఆసుపత్రి బోర్డు చూసే భాగ్యం ఆయనకి కలగలేదు.

మొగుడు ఇంట్లో ఉన్నాడు, మందు ఆవిడ పనిచేసే చోటే ఉంది, మధ్యలో బస్‌స్టాపు ఉంది. ఆవిడ అద్దె ఇంటి యజమాని పొద్దున్నే పేపరూ గొడుగూ పట్టుకుని వచ్చి కూర్చునేది ఆ బస్‌స్టాపులోనే. ఎండా వానా లేకపోయినా చేతిలో గొడుగుండే మనిషి. తాగేవాళ్ళకి ఇల్లివ్వనని ముందే చెప్పి మరీ తాళం చెవి ఇచ్చాడు. బావ తాగి వచ్చిన రోజుల్లో అక్క ఆయన్ని పెరటి వైపు నుంచి లోపలికి లాగేది. వెనక తలుపుల విద్య ఆవిడకి అక్కడే పట్టుబడింది.

ఒకరోజు అక్క ఆసుపత్రి వెనక తలుపు గొళ్ళెం తీయించి ఇంటికి వెళ్ళింది. బావ చేతిలో పిండి డబ్బా పెట్టింది.

"మరకెళ్ళి పిండి పట్టించుకు రావాలి. నాతో రండి" అంది.

లేత్ పనివాడికి బరువు తెలియకపోవడం ఉండదు. డబ్బా ఖాళీదని చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయి ఉంటుంది. అయినా మూత నొక్కి పట్టుకుని బయల్దేరాడు. ఇంటి యజమాని ఎదురుగానే నడుచుకుంటూ మా సందులోకి వచ్చాడు, ఆకుపచ్చ తలుపులోంచి లోపలికి వెళ్ళాడు. కొన్నాళ్ళు లోపలే ఉన్నాడు. వేరే ఊళ్ళో మిషన్లు బిగించే పని దొరికిందని అక్క ఇంటి చుట్టుపక్కల చెప్పుకుంది. తిరిగి వచ్చాక చెయ్యి వణకడం ఆగింది. అప్పట్నుంచీ ప్రతి నెలా వచ్చి డాక్టరుతో మాట్లాడి, మాత్రలు తీసుకుని వెళ్తాడు. చేతిలో అదే డబ్బా.

ఆ తర్వాత డబ్బా పద్ధతి ఎలా పాకిందో గానీ పాకింది. ఖాళీ డబ్బాతో సందులోకి రావడం, మర గట్టు మీద పెట్టడం, ఆకుపచ్చ తలుపులోకి జారుకోవడం. మర మామ నోట్లో నువ్వుగింజ నానదని మా అందరికీ తెలుసు. ఎవరింట్లో ఏ కూర వండారో కూడా ఆయన్నడిగితే చాలు. అలాంటివాడు ఈ ఒక్క విషయంలో నోరు కుట్టేసుకున్నాడు. మహా అయితే నాతో, "ఏం వ్యాపారంరా ఇది? గట్టు మీద డబ్బాలకి చోటు లేదు, మరలో పోయడానికి గింజ లేదు" అనేవాడు.

అక్క పేర్లు అడిగేది కాదు. ఒక్కొక్కళ్ళకీ ఒక అంకె. ఆ అంకెతోనే పిలుపు, ఆ అంకెతోనే రాత. "మీ పేరు మీ ఇంట్లో భద్రంగా ఉంచుకోండి, ఇక్కడికి తేవక్కర్లేదు" అనేది. పెరట్లో రేకుల షెడ్డు వేయించి బెంచీలు అక్కడ వేసింది. ముందు వసారాలో కుర్చీలు అలాగే ఉండిపోయాయి. ఆ గేటు గొళ్ళెం తుప్పు పట్టింది. అక్క పనితనం అంత బాగుంది. కొంప ముంచింది కూడా ఆ పనితనమే.

బడ్జెట్ రోజుల్లో మున్సిపల్ చైర్మన్ నలుగురు కౌన్సిలర్లని వెంటేసుకుని చూడ్డానికి వచ్చాడు. పెద్దలు కదా, ముందు నుంచే వచ్చారు. గొళ్ళెం తీయడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. వసారాలో కుర్చీల మీద దుమ్ము. చైర్మన్ ఒక కుర్చీ మీద వేలితో గీత గీసి, ఆ వేలు అందరికీ చూపించాడు.

"ఇక్కడ ఈగలు తోలుకోవడానికి కూడా ఈగలు లేవు కదండీ."

డాక్టరు పెరట్లోకి రమ్మన్నాడు. ముందు గేటు చప్పుడు వినగానే పెరట్లో ఉన్నవాళ్ళందరూ డబ్బాలు తీసుకుని సందులోకి వచ్చేశారు. నా మిషన్ ముందు నిలబడి లేని బొత్తాల గురించి అడిగారు. పెరడు ఖాళీ. డాక్టరు రిజిస్టరు చూపించాడు. చైర్మన్ పేజీలు తిప్పాడు.

"అన్నీ అంకెలే. ఒక్క పేరు లేదు. అంకెలు వెయ్యడానికేం, ఎవరైనా వేస్తారు. బస్‌స్టాపు దగ్గర ఫౌంటెన్ కట్టమని జనం ఎప్పట్నుంచో అడుగుతున్నారు. ఈ పద్దు తీసి అందులో వేస్తే కంటికైనా కనబడుతుంది."

డాక్టరు బతిమాలితే, చైర్మన్ వారం తర్వాత మళ్ళీ వస్తామన్నాడు. మనుషులు కనబడితే పద్దు ఉంటుంది, లేకపోతే ఫౌంటెన్.

డాక్టరు మంచివాడే. అక్కని పిలిచి, "ఆ ఒక్క పూట ముందు వసారాలో కూర్చోమని చెప్పండి. మీరు చెబితే వింటారు" అన్నాడు.

"వింటారు సార్. అందుకే చెప్పను" అంది అక్క. "ఎవరూ చూడరని మాటిచ్చి రానిచ్చాను. ఇప్పుడు బజార్న కూర్చోబెట్టమంటే ఎలా?"

"మూసేస్తే వాళ్ళెక్కడికి వెళ్తారు?"

అక్క తన కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది. ఎక్కడికి వెళ్తారో, మధ్యలో ఏ బోర్డు దగ్గర ఆగిపోతారో ఆవిడకి తెలిసినంతగా డాక్టరుకి కూడా తెలీదు. ఆ వారమంతా టోకెన్లు ఇస్తూ ఎవరి మొహమూ సరిగా చూడలేదు. విషయం మటుకు ప్రతివాళ్ళకీ చెప్పింది. రమ్మనలేదు, వద్దనలేదు. ఇంట్లో బావకి కూడా అంతే చెప్పిందట. ఆయన అన్నం కలుపుకుంటూ విన్నాడు, మజ్జిగ పోయమన్నాడు.

చైర్మన్ మళ్ళీ వస్తానన్న రోజు పొద్దున నేను కొలతల టేపు మెడలో వేసుకునే వెళ్ళి ఆసుపత్రి ముందు గేటు పక్కన నిలబడ్డాను. పని ఉండి కాదు. వసారా ఖాళీగా ఉంది. కిటికీ వెనకాల అక్క టోకెన్లు ముందు పెట్టుకుని కూర్చుంది. సందులో మాత్రం డబ్బాలతో చాలామందే ఉన్నారు. ముందుకి రావడానికి ఒక్కరికీ కాలు ఆడటం లేదు. నేను వాళ్ళని తప్పు పట్టను. నాకైనా ఆడేది కాదు.

అప్పుడు బావ వచ్చాడు. ఒక చేతిలో పిండి డబ్బా, ఇంకో చేతిలో లేత్ షాపు నూనె డబ్బా. ముందు గేటు దగ్గర ఆగాడు. గొళ్ళేనికి నూనె వేశాడు, రెండుసార్లు అటూ ఇటూ ఆడించాడు. గేటు చప్పుడు లేకుండా తెరుచుకుంది. లోపలికి వెళ్ళి, పిండి డబ్బా ఒళ్ళో పెట్టుకుని, బస్‌స్టాపు వైపు మొహం పెట్టి మొదటి కుర్చీలో కూర్చున్నాడు. కిటికీ వెనకాల అక్క లేచి నిలబడింది. ఆవిడ చేతిలో టోకెన్లు కింద పడిన చప్పుడు నాకు వినిపించింది.

గొడుగాయన పేపరు దించాడు. అద్దెకున్నవాణ్ణి గుర్తుపట్టాడు.

"ఏమయ్యా, పొద్దున్నే డబ్బాతో కూర్చున్నావు. ఏమిస్తున్నారక్కడ?" అని రోడ్డు అవతల్నుంచి అరిచాడు.

బస్‌స్టాపులో అందరూ ఇటు తిరిగారు. బావ ఏదో ఒక అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పాలనే నేను కోరుకున్నాను, నిజం.

"తాగుడు మానడానికి మందిస్తారండీ. నేను ఇక్కడే మానేశాను" అన్నాడు బావ, అంతే గట్టిగా.

గొడుగాయన నవ్వాడు.

"విన్నారా? ఇతను మా ఇంట్లో అద్దెకుంటాడు. మంచినీళ్ళు తప్ప ఇంకోటి ముట్టడు, నాకు తెలీదా? ఏదో ఊరికే పంచుతున్నారు. మనం వస్తే తనకి మిగలదని చెప్పడం లేదు" అని పక్కవాళ్ళతో అన్నాడు. పేపరు మడిచి చంకలో పెట్టుకుని అందరికంటే ముందు రోడ్డు దాటాడు.

ఇక చెప్పేదేముంది! ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకం మా ఊరు. ఒకాయన వెళ్తే ముగ్గురు, ముగ్గురు వెళ్తే బస్‌స్టాపంతా. సంచులతో, సీసాలతో, టిఫిన్ క్యారియర్లతో వచ్చి కూర్చున్నారు. చోటు కోసం తగువులు పడ్డారు. సందు మొదట్లోకి వచ్చిన మర మామ ఇది చూసి, "పొండి పొండి, ముందుకే పొండి. అక్కడ ఎవరెవరో ఎవరికీ తెలీదు" అని డబ్బాలవాళ్ళని తరిమాడు. వాళ్ళు మెల్లగా వచ్చి జనంలో కలిసిపోయారు. ఎవరు ఎందుకొచ్చారో నాకు తెలుసు. చెప్పను.

చైర్మన్ కారు దిగి అలాగే నిలబడిపోయాడు. గేటు దగ్గర లైనులో ఉన్న ఒకాయన్ని, "ఎందుకొచ్చావయ్యా?" అని అడిగాడు.

"ఇస్తున్నారంట కదండీ."

"ఏమిస్తున్నారు?"

"ఏదైతే అది. ముందు మా వంతు రానివ్వండి."

చైర్మన్ జాలిగా తలూపి కౌన్సిలర్ల వైపు తిరిగాడు. "పాపం, బాగా ముదిరినట్టుంది" అన్నాడు. లోపలికి కూడా రాలేదు. ఊళ్ళో ఇంతమంది ఉన్నారని తనకి తెలీదనీ, పద్దు ఎక్కడికీ పోదనీ డాక్టరు చెయ్యి పట్టుకుని చెప్పి వెళ్ళాడు.

కారు వెళ్ళాక డాక్టరు మెట్టు మీద నిలబడి ఇక్కడేం ఇస్తారో అందరికీ వివరంగా చెప్పాడు. తిట్టుకుంటూ లేచారు. కొందరు కుర్చీ కాలు తన్ని మరీ వెళ్ళారు. గొడుగాయన మాత్రం వెంటనే కదల్లేదు. బావ మొహంలోకి చూశాడు, చేతిలో డబ్బా వైపు చూశాడు, గొడుగు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ నెలాఖరుకే ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. ఇప్పుడు అక్కావాళ్ళు పిండి మర మేడ మీద ఉంటున్నారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెవుల్లో మర మోతే.

ఆ రోజు చివరికి వసారాలో ఇద్దరే మిగిలారు. బావ, ఆయన పక్క కుర్చీలో ఒకావిడ. బస్‌స్టాపు నుంచి వచ్చినవాళ్ళలో ఒకతె. ఒళ్ళో రెండు గుడ్డ సంచులు మడిచి పెట్టుకుంది. బస్సు వచ్చి వెళ్ళింది, ఆవిడ లేవలేదు.

"ఇందాక మీరన్నది నిజమేనా అన్నయ్యా?" అంది, నేల వైపు చూస్తూ.

"నిజమేనమ్మా."

"నిజంగా మానేశారా?"

"మానేశాను. మళ్ళీ మొదలెట్టకుండా వీళ్ళే చూసుకుంటున్నారు. నెలనెలా వస్తాను."

ఆవిడ సంచులు ఇంకోసారి మడిచింది. "మా ఆయన రాడు. చంపినా ఈ గేట్లోంచి రాడు. బస్‌స్టాపులో అందరూ తెలిసినవాళ్ళే."

అక్క కిటికీలోంచి మాట్లాడింది. "వెనక సందులో పిండి మర ఉందమ్మా. పిండి పట్టించుకు రావాలని చెప్పి డబ్బా చేతికియ్యి. ఖాళీదే ఇయ్యి. పక్కనే ఆకుపచ్చ తలుపు."

"మా ఇంట్లో డబ్బా లేదు" అంది ఆవిడ.

బావ తన ఒళ్ళో ఉన్న డబ్బా తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. మూత ఒక పక్క వదులు, నొక్కి పట్టుకోమని చెప్పాడు. ఆవిడ దాన్ని పెద్ద సంచిలో పెట్టుకుని గేటు దాటి వెళ్ళింది.

అక్క కింద పడిన టోకెన్లు ఏరుకుంటూ, "మరి వచ్చే నెల మీరేం పట్టుకొస్తారు?" అంది.

"నాకెందుకే డబ్బా?" అన్నాడు బావ. "ఊరంతా చూసిందిగా."